నంబర్ వన్ కంపెనీ కొని మర్చిపోవాలట!

ఈ మధ్య ఏ వాట్సాప్ గ్రూపు తెరిచినా ఇదే మెసేజ్. ప్రతి రంగంలో నంబర్ వన్ కంపెనీ షేర్లు కొనండి, ఇరవై ఏళ్లు వాటి సంగతి మర్చిపోండి. లీడర్ ఎప్పటికీ మునగదు. మార్కెట్ వాటా ఎవరిదో డబ్బు వాళ్లదే. బ్రాండ్ ఉంటే ధర పెంచుకోవడం వాళ్లిష్టం. బ్యాలెన్స్ షీట్లు (కంపెనీ ఆస్తులు, అప్పుల లెక్కలు) చదివి బుర్ర పాడుచేసుకోకండి, సత్యం కంప్యూటర్స్ బ్యాలెన్స్ షీట్ చదివినవాళ్లు ఏం బాగుపడ్డారు? మంచి కంపెనీని ఏ రేటుకు కొన్నా ఫర్వాలేదు. కింద ఓ పట్టిక, 2000లో లక్ష పెట్టి ఉంటే ఇప్పుడు ఎన్ని కోట్లో చెబుతూ. కష్టపడక్కర్లేదంటే ఎవరికి చేదు గనక, జనం ఫార్వర్డ్ మీద ఫార్వర్డ్ కొడుతున్నారు.

ముందు ఆ పట్టిక సంగతి. అందులో ఏషియన్ పెయింట్స్, టైటన్, హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంక్ ఉన్నాయి. ఫలితాలు వచ్చాక ర్యాంకర్ల ఫోటోలతో ఫ్లెక్సీ వేయడం ఎవరికైనా వచ్చు. 2000లో హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంక్ అసలు నంబర్ వన్నే కాదు, స్టేట్ బ్యాంక్ ముందు అదెంత? ఈ సూత్రాన్ని ఆ రోజుల్లో నిజాయతీగా పాటించినవాడు ఢిల్లీ, ముంబయి ల్యాండ్‌లైన్లు దాదాపు అన్నీ చేతిలో పెట్టుకున్న ఎంటీఎన్‌ఎల్‌ను కొనేవాడు, అప్పట్లో సెన్సెక్స్‌లో ఉన్న కంపెనీ అది. ఇప్పుడు బ్యాంకు అప్పులు కట్టలేక చేతులెత్తేసింది. టీవీలంటే వీడియోకాన్, ఓనిడా, బీపీఎల్‌లదే రాజ్యం కదా అప్పుడు, వాటిలో వీడియోకాన్ 2018లో దివాలా కోర్టు మెట్లెక్కింది. పట్టికలో ఈ వరుసలు ఎందుకు లేవో చెప్పక్కర్లేదు.

'లీడర్ మునగదు' అనే మాటకు 2018 ఆగస్టు 31 చాలు. ఆ రోజు వొడాఫోన్, ఐడియా కలిసిపోయాయి. 40 కోట్ల పైచిలుకు కస్టమర్లతో దేశంలో అతిపెద్ద టెలికాం కంపెనీ అయి కూర్చుంది. ఆ కస్టమర్లలో దాదాపు సగం మంది ఇప్పుడు లేరు, కంపెనీ మూడో స్థానానికి జారింది, బకాయిలు కట్టే దారి లేక 2025లో ప్రభుత్వానికి షేర్లే ఇచ్చుకుంటే సుమారు 49 శాతం సర్కారు చేతికి పోయింది. ఎందుకిలా అయింది? తలలు లెక్కపెట్టి నంబర్ వన్ అన్నారే గానీ, ఆ తలల వెనక ఉన్న అప్పులు కూడా కలిశాయన్నది ఎవరూ పట్టించుకోలేదు. టెలికాంలో సిగ్నళ్లు పంపే తరంగాల హక్కు, అంటే స్పెక్ట్రమ్ కొనాలి, టవర్లు నడపాలి, కొన్నేళ్లకోసారి కొత్త టెక్నాలజీకి మళ్లీ డబ్బు పోయాలి. 2016 సెప్టెంబరులో జియో కాల్స్ ఉచితం అన్నాక వచ్చే రాబడి కుంచించుకుపోయింది, పోయాల్సిన డబ్బు మాత్రం తగ్గలేదు. పైన 2019 అక్టోబరులో సుప్రీంకోర్టు ఏజీఆర్ తీర్పు, అంటే ప్రభుత్వానికి కట్టే ఫీజు లెక్కలో టెలికాం కాని ఆదాయాన్నీ కలపాలని. ఇక్కడ ఇన్వెస్టర్ అడగాల్సింది ఎంతమంది కస్టమర్లని కాదు, వచ్చిన రూపాయిలో మళ్లీ వ్యాపారంలోకే పోయేది ఎంత, చేతికి మిగిలేది ఎంత అని.

విమానాల కథ ఇంకా బాగుంటుంది, ఎందుకంటే అక్కడ ఒకే ఆకాశం, ఒకే ఇంధనం, అవే ఎయిర్‌పోర్టులు. జెట్ ఎయిర్‌వేస్ 2005లో షేరు 1,100 రూపాయలకు ఐపీఓకు (జనానికి తొలిసారి షేర్లు అమ్మడానికి) వచ్చింది, ప్రైవేటు విమానాల్లో తిరుగులేని పేరు. 2007లో 1,450 కోట్లు పెట్టి సహారాను కొని ఇంకా పెద్దదైంది. 2006లో మొదలైన ఇండిగో అప్పటికి పిల్లకాకి. కానీ దాని లెక్క వేరు: ముందు నుంచీ ప్రధానంగా ఒకే రకం ఎయిర్‌బస్‌లు, అవీ వందల్లో ఒకేసారి ఆర్డరు పెట్టి రేటు తగ్గించుకోవడం, విమానం చేతికి రాగానే లీజు కంపెనీకి అమ్మేసి దాన్నే అద్దెకు తీసుకోవడం, కొన్నేళ్లకు పాతబడకముందే తిరిగిచ్చేయడం. పైలట్ల శిక్షణ, స్పేర్ పార్టులు, రిపేర్ల ఖర్చు అన్నీ దీంతో తగ్గుతాయి. జెట్ 2019 ఏప్రిల్ 17న రాత్రి చివరి విమానం నడిపి ఆగిపోయింది. అలాగని ఇప్పుడు ఇండిగోను కొని మర్చిపోవచ్చా అంటే, 2025 డిసెంబరు గుర్తు చేసుకోండి. పైలట్ల విశ్రాంతి నిబంధనలు మారేసరికి కొద్ది రోజుల్లోనే వేల విమానాలు రద్దయ్యాయి, సర్వీసులు 10 శాతం తగ్గించుకోమని ప్రభుత్వం ఆదేశించింది. మనుషుల్నీ విమానాల్నీ ఖాళీ లేకుండా తిప్పడమే ఆ కంపెనీ బలం, ఆ రోజు కాళ్లకు అడ్డం పడిందీ అదే.

'వాటా ఉన్నవాడిదే డబ్బు' అన్నది చూడాలంటే ఏ కిరాణా కొట్టు గల్లాపెట్టె దగ్గరికైనా వెళ్లి నిలబడండి. యూపీఐ లావాదేవీల్లో ఫోన్‌పే, గూగుల్‌పే రెండూ కలిపితే సుమారు 80 శాతం. కొట్టతనికి మనం 500 కొడితే ఆయనకు 500 పడతాయి, మధ్యలో యాప్‌కు కొట్టతను ఇచ్చేది సున్నా, ఎందుకంటే 2020 జనవరి నుంచి యూపీఐ మీద వ్యాపారి దగ్గర చార్జీ వసూలు చేయకూడదని ప్రభుత్వం తేల్చేసింది. ఆ గల్లాపెట్టె పక్కన 'పేమెంట్ వచ్చింది' అని అరిచే డబ్బా ఉంటుంది చూడండి, దాని నెల అద్దె నయం, అదైనా చేతికొస్తుంది. మిగతాది అప్పులు ఇప్పించడం, ఇన్సూరెన్స్ అమ్మడం మీద రావాలి. పైగా ఏ యాప్‌కీ 30 శాతం మించి వాటా ఉండకూడదని యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ పెట్టిన గడువు పొడిగించుకుంటూ పొడిగించుకుంటూ 2026 చివరి దాకా వచ్చింది. అంటే వాటా పెరగడమే నెత్తి మీద కత్తి. పేటీఎం ఊరూరా క్యూఆర్ అంటించి పేరు తెచ్చుకుని 2021 నవంబరులో షేరు 2,150కి అమ్మితే, లిస్టయిన రోజే 27 శాతం పోయింది. పైన పటారం.

ఇక బ్రాండ్. ఈ మెసేజులన్నిటికీ ముద్దుబిడ్డ ఏషియన్ పెయింట్స్ కాబట్టి దాన్నే చూద్దాం. నిజంగా గొప్ప కంపెనీయే, కానీ గొప్పదనం టీవీ యాడ్‌లో లేదు. ఏ ఊళ్లోనైనా రంగుల కొట్టుకు వెళ్లి కాసేపు గమనించండి. షేడ్ కార్డు చూసి మనం నంబరు చెబుతాం, కొట్టతను తెల్ల బేస్ డబ్బా మెషీన్ కింద పెట్టి కంప్యూటర్లో ఆ నంబరు కొడతాడు, సన్నని గొట్టాల్లోంచి రంగులు చుక్కలు చుక్కలుగా పడతాయి, డబ్బాను ఇంకో మెషీన్‌లో గిరగిరా తిప్పి ఇచ్చేస్తాడు. వెయ్యి షేడ్లు నిల్వ పెట్టుకునే బాధ లేదు, కాసిని బేస్ డబ్బాలుంటే చాలు. అయిపోతే కంపెనీ బండి మళ్లీ వస్తుంది, మధ్యలో హోల్‌సేలర్లు లేరు, నేరుగా కొట్టుకే. అందువల్ల చిన్న పెట్టుబడితోనే కొట్టు నడుస్తుంది, ఆయన తేలిగ్గా వేరే కంపెనీ మాటెత్తడు. మనం ఏ రంగు కొనాలో చెప్పే పెయింటర్‌ను మచ్చిక చేసుకునే పని వేరే ఉంది. ఈ గొలుసును దశాబ్దాల పాటు ఎవరూ తెంపలేకపోయారు.

తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడు కదా. 2024 ఫిబ్రవరిలో బిర్లా వాళ్ల గ్రాసిమ్ 10,000 కోట్ల పెట్టుబడితో బిర్లా ఓపస్ తెచ్చింది. యాడ్స్ సంగతి అలా ఉంచండి, వాళ్లు గురి పెట్టింది ఆ కొట్టు మీదే, ఆ మెషీన్ పెట్టే చోటు మీదే. 2024-25లో ఏషియన్ పెయింట్స్ నికర లాభం దాదాపు మూడో వంతు తగ్గింది, పట్టణాల్లో గిరాకీ మందగించడమూ అందుకు ఒక కారణం. డీలర్లు తమవైపు రాకుండా ఒత్తిడి పెడుతోందని గ్రాసిమ్ ఫిర్యాదు చేస్తే 2025 జులైలో కాంపిటీషన్ కమిషన్ విచారణకు ఆదేశించింది. బ్రాండ్ అదే, నంబర్ వన్ స్థానమూ అదే, లాభం మాత్రం అదే కాదు.

ధర పెంచుకోవడం గురించి భీమవరం చుట్టుపక్కల వాళ్లకు నేను చెప్పేదేముంది. రొయ్యల మేతలో అవంతి ఫీడ్స్ దేశంలోనే లీడర్. కానీ మేతలో పడే ఫిష్‌మీల్, సోయా రేట్లు కంపెనీ చేతిలో లేవు, రొయ్య రేటు అమెరికా కొనుగోలుదారు చేతిలో, సుంకం అక్కడి ప్రభుత్వం చేతిలో. 2025లో అమెరికా సుంకాలు పెంచితే చెరువు గట్టు మీద రైతు గుండె గుభేలుమంది. అలాంటప్పుడు మేత బస్తా రేటు పెంచితే రైతులు రోడ్డెక్కుతారు, ప్రభుత్వం కంపెనీల్ని పిలిచి కూర్చోబెడుతుంది. బ్రాండ్ మీద రైతుకు నమ్మకం లేక కాదు, ఆయన జేబులో లేక.

బ్యాలెన్స్ షీట్ చదవక్కర్లేదన్నవాళ్లకు డీమార్ట్. కూకట్‌పల్లిలో ఆదివారం సాయంత్రం బిల్లింగ్ క్యూలో నిలబడి 'అబ్బ, ఎంత జనం, షేరు కొనాలి' అనుకున్నవాళ్లు చాలామందే. క్యూలో కనపడనిది లెక్కల్లో కనపడుతుంది. స్థిరాస్తుల దగ్గర భూములు, బిల్డింగుల అంకె చూడండి, చాలా స్టోర్లు సొంతవే, అద్దె పెరుగుతుందన్న టెన్షన్ లేదు. సరఫరాదారులకు బాకీ ఎంతో చూసి ఏడాది కొనుగోళ్లతో భాగించి 365తో గుణించండి, వారం రోజుల చుట్టుపక్కల తేలుతుంది. మిగతా చోట్ల నెలలు తిప్పించుకునే సరఫరాదారుడికి వారంలో డబ్బు పడితే రేటు తగ్గించి ఇస్తాడు, ఆ తగ్గింపే మన బిల్లులో కనపడుతుంది, అందుకే ఆ క్యూ. పప్పూ ఉప్పూ మీద మిగిలేది తక్కువ, బట్టలు, గిన్నెలు, బకెట్ల మీద ఎక్కువ, కాబట్టి అమ్మకాల్లో వీటి వాటా తగ్గుతోందా అన్నది ప్రతి ఏడాదీ చూడాల్సిన అంకె. 2024 అక్టోబరులో పెద్ద నగరాల్లోని తమ స్టోర్ల మీద ఆన్‌లైన్ కిరాణా ప్రభావం కనపడుతోందని కంపెనీయే ఒప్పుకుంది. క్యూ మాత్రం ఆ ఆదివారం కూడా అంతే ఉండి ఉంటుంది.

సత్యం అంటారా? అబద్ధపు లెక్కలు రాశారు, నిజమే. 5,040 కోట్ల లేని నగదు ఉన్నట్టు చూపామని సత్యం ఛైర్మన్ రామలింగరాజు 2009 జనవరి 7న లేఖ రాశారు. కానీ అంతకు మూడు వారాల ముందు, డిసెంబరు 16న, కంపెనీ డబ్బుతో కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీల్ని కొంటామన్నప్పుడే 'మా డబ్బు ఎక్కడికి పోతోంది' అని ఇన్వెస్టర్లు గోల చేశారు, గంటల్లో ఆ డీల్ వెనక్కి పోయింది. అప్పుడు అడిగి, జవాబు నచ్చక బయటపడినవాళ్లు జనవరి 7న ఒక్కరోజులో షేరు విలువ నాలుగింట మూడొంతులకు పైగా ఆవిరైనప్పుడు లోపల లేరు. కొని మర్చిపోయినవాళ్లు ఉన్నారు.

చివరిది, 'ఏ రేటుకైనా ఫర్వాలేదు' అన్న మాట. సబ్బులు, సర్ఫ్ అమ్మే హిందుస్థాన్ లీవర్ (ఇప్పటి హిందుస్థాన్ యూనిలీవర్) 2000లోనూ లీడరే, 2010లోనూ లీడరే, మధ్యలో 2004లో సర్ఫ్‌తో పోటీపడే ఏరియల్, టైడ్ రేట్లను పీ అండ్ జీ కోసేసినా తట్టుకుంది. కానీ షేరు ధర పదేళ్ల తర్వాత చూస్తే 2000 నాటి గరిష్ఠ ధరను దాటలేదు. డీమార్ట్ 2017లో 299కి ఐపీఓలో దొరికినవాళ్లకు పండగే. 2021 అక్టోబరులో 5,900 దగ్గర కొన్నవాళ్లూ అదే కంపెనీని కొన్నారు. 2021 మార్చిలో 234 ఉన్న స్టోర్లు 2025 మార్చికి 415 అయ్యాయి, లాభాలూ పెరిగాయి, అయినా 2025 చివరికి కూడా వాళ్లకు పెట్టిన డబ్బు తిరిగి కనపడలేదు.