ఒక్క అంకె మార్చమని వచ్చిన పిల్లోడు

తిరుపతిలో బాలాజీ కాలనీకి దగ్గర్లో నాకొక చిన్న డీటీపీ, జిరాక్స్ షాపు ఉంది. చుట్టుపక్కల నాలుగు స్కూళ్ళు, రెండు జూనియర్ కాలేజీలు. పద్దెనిమిదేళ్ళుగా ఈ పిలకాయల హాల్ టికెట్లు, టీసీలు, ప్రోగ్రెస్ కార్డులు నా మిషన్ మీదుగానే పోతున్నాయి. పిల్లల మనసు గురించి మాట్లాడేంత చదువు నాకు లేదు. స్కూళ్ళు ఏమేం ప్రింట్ తీయించుకుంటాయో మాత్రం నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

పోయిన నెల ఒక సాయంత్రం, షాపులో ఎవరూ లేని వేళ చూసుకుని ఎనిమిదో తరగతి పిల్లోడొకడు వచ్చాడు. బ్యాగులోంచి ప్రోగ్రెస్ కార్డు తీసి బల్ల మీద పెట్టాడు.

"అన్నా, దీన్ని స్కాన్ చేసి, ఒక్క అంకె మార్చి కలర్ ప్రింట్ తీసిస్తారా? యాభై రూపాయలిస్తా."

లెక్కల్లో 27 వచ్చింది. ముందున్న 2ని 7 చేస్తే చాలంట. మిగతా సబ్జెక్టులు ముట్టుకోవద్దన్నాడు, అనుమానం వస్తుందని. అంత ముందుచూపున్న పిల్లోడికి లెక్కలు రాకపోవడమేంటని నాకు నవ్వొచ్చింది. నవ్వేశాను కూడా. తర్వాత చూస్తే వాడి చెయ్యి వణుకుతోంది.

"నాయన కొడతాడా?"

"కొట్టడన్నా. మాట్లాడడు. పోయినసారి పదకొండు రోజులు మాట్లాడలేదు."

"స్కూల్లో ఎవరికైనా చెప్పినావా?"

"ఎవరికి చెప్పేదన్నా?"

వెటకారంగా అన్న మాట కాదది. నిజంగానే అడిగాడు. నేనూ ఆలోచించాను. క్లాస్ టీచరుకు చెప్పాలా? ఆమె చేతిలో నలభై నాలుగు మంది, రోజుకు ఏడు పీరియడ్లు. ప్రిన్సిపాల్ గదికి పిల్లలు పోయేది తిట్లు తినడానికే. పీఈటీ సారు మంచోడే, కానీ ఆయన్ని ఫీజు బకాయిల ఫోన్ల దగ్గర కూర్చోబెట్టారు. ఆఖరికి వాడికి దొరికిన పెద్దమనిషిని నేను, అదీ దొంగ కార్డు చేసిపెడతానేమోనని!

అంకె మార్చలేదు. నీళ్ళిచ్చి కాసేపు కూర్చోబెట్టాను. నాయనకు ఫోన్ చేస్తానంటే వద్దని ఏడ్చాడు, సరేనన్నాను. ఆ సరే అన్నది తప్పో ఒప్పో ఇప్పటికీ తెలియదు. రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. మూడో రోజు పొద్దున యూనిఫాంలో షాపు ముందు నుంచి పోతుంటే చూసి, అప్పుడు టీ తాగాను.

ఇక స్కూళ్ళు నా దగ్గర ఏం ప్రింట్ తీయించుకుంటాయో చెబుతాను. అసలు కోపం అక్కడుంది.

యూనిట్ టెస్ట్ అయిన ప్రతిసారీ ర్యాంకుల లిస్టు. ఒకటి నుంచి ఆఖరి దాకా పేర్లు, నోటీసు బోర్డుకు ఒకటి, తరగతి తలుపుకు ఒకటి. మొదటి పది మందికి పచ్చ రంగు, ఆఖరి పది మందికి ఎరుపు. ఎరుపు ఇంకొంచెం కొట్టొచ్చినట్టు ఉండాలని ఒక స్కూలు వాళ్ళు నాతో రెండోసారి ప్రింట్ తీయించారు. జూన్ నెలలో సెక్షన్ల లిస్టులు. పాత రోజుల్లో ఏ, బీ, సీ అని ఉండేది. ఇప్పుడు పేర్లు చూడాలి, ఒలింపియాడ్ అంట, స్టార్ అంట, ఆఖరి సెక్షన్‌కు 'రెగ్యులర్' అంట. ఆ రెగ్యులర్‌లో పడిన పిల్లలు తమను ఏమని పిలుచుకుంటారో తెలుసా? 'వేస్ట్ బ్యాచ్'. నా షాపు ముందర నిలబడి, నవ్వుతూనే అంటారు ఆ మాట.

అదే స్కూళ్ళు అదే నెలలో 'ఓటమి విజయానికి తొలి మెట్టు' అని మెట్ల పక్కన అంటించే చార్టులు కూడా నా దగ్గరే చేయించుకుంటాయి. ఎరుపు రంగు లిస్టు, ఆ చార్టు ఒకే పెన్ డ్రైవ్‌లో వస్తాయి.

మా పాప తొమ్మిదో తరగతి. మొన్న పేరెంట్స్ మీటింగుకి నేనూ మా ఆవిడా పోయాం. మైకులో ర్యాంకు వరసలో పేర్లు పిలిచి, మార్కులు చదివి, తల్లిదండ్రుల్ని ముందుకు రమ్మన్నారు. మా పాపది 31వ ర్యాంకు. మొదటి ర్యాంకుల వాళ్ళు ఫోటోలు దిగి వెళ్ళిపోయారు. మా వంతు వచ్చేసరికి హాలు సగం ఖాళీ. స్కూటర్ మీద ఇంటికొస్తుంటే మా పాప వెనక నుంచి అంది, "అమ్మా, నా పేరొచ్చేసరికి సమోసాలు కూడా అయిపోయినాయి." మా ఆవిడ నవ్వింది. రాత్రి అన్నం తినకుండా పడుకుంది.

ఒక్కో తల్లిదండ్రులతో పది నిమిషాలు విడిగా మాట్లాడితే ఏం పోయింది? ఒక్క శనివారం కాకపోతే రెండు శనివారాలు పెట్టండి. 2009 విద్యాహక్కు చట్టంలో 17వ సెక్షన్ అని ఒకటుంది. పిల్లల్ని కొట్టడమే కాదు, మానసికంగా వేధించడం కూడా నిషేధమని అందులో ఉంది. మైకులో మార్కులు చదవడం వేధింపు కాదని ఎవరైనా కాణిపాకం పోయి ప్రమాణం చేస్తే నేను నోరు మూసుకుంటా.

మోటివేషన్ క్లాసుల సంగతి ఇంకొకటి. ఏడాదికొకసారి సూటు వేసుకున్న ఒకాయన్ని పిలిపిస్తారు. ఫ్లెక్సీ నాదే. ఆయన మొదట జోకులు వేస్తాడు, తర్వాత లైట్లు తగ్గించి, వెనక పాట పెట్టి, మీ అమ్మ మీ కోసం ఎంత కష్టపడుతోందో తెలుసా అని మొదలుపెడతాడు. పది నిమిషాల్లో మూడొందల మంది పిల్లలు వెక్కి వెక్కి ఏడుస్తారు. దాన్ని వీడియో తీసి స్టేటస్ పెడతారు. ఇప్పటికే అమ్మానాన్నలకు భారమయ్యానేమోనని కుమిలిపోతున్న పిల్లని ఆ భారం పేరు చెప్పి ఏడిపించి, దానికి ఉత్సాహం అని పేరు పెట్టడం ఏం న్యాయం? ఏడ్చిన పిల్లతో మర్నాడు ఎవరైనా మాట్లాడారా? మర్నాడు వీక్లీ టెస్ట్.

నాకు తెలిసిన అసలు మోటివేషన్ ఒక మున్సిపల్ స్కూలు లెక్కల మేడం. పేరు చెబితే ఆమెకు నచ్చదు. వారానికొకసారి చేత్తో రాసిన కాగితాలు మూడు తెస్తారు. ఒకే పాఠం, మూడు మెట్లు. ఒకదాంట్లో చాలా సులువైనవి, ఇంకోదాంట్లో కొంచెం పైవి, మూడోదాంట్లో బుర్ర తినేవి. ఎవరికి ఏది ఇవ్వాలో ఆమెకు తెలుసు. కింది మెట్టు పిల్లోడు ఐదు లెక్కలూ చేసేశాక, పోయిన నెల కాగితం పక్కన పెట్టి చూపిస్తారంట, అప్పుడు రెండే వచ్చాయి చూడు అని. వాడి పోటీ వాడి పాత కాగితంతోనే. జిరాక్స్ డబ్బులు ఆమె జేబులోంచే, అందుకే నేను సగమే తీసుకుంటా.

ఇదేదో కొత్త విషయం కాదు. మనది ఉమ్మడి చిత్తూరు జిల్లాగా ఉన్నప్పుడు మనలోనే ఉన్న మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ స్కూలు వాళ్ళు చుట్టుపక్కల పల్లె బడుల కోసం ఇలాగే కార్డులతో, మెట్లు మెట్లుగా నేర్పే పద్ధతి తయారుచేశారు. పద్మనాభరావు, రమ అనే దంపతులు దాని వెనక ఉన్నారు. పిల్ల తన వేగంతో తను ఎక్కుతుంది, పక్కదాని కోసం ఆగదు, పక్కదాని వెనక పరిగెత్తదు. కర్ణాటక సర్కారు బడుల్లో 'నలి కలి' అనే పద్ధతి దాన్ని చూసే మొదలైంది, తమిళనాడు బడులూ అందులోంచి తీసుకున్నాయి. పక్క రాష్ట్రాలు వచ్చి నేర్చుకుపోయాయి, కూతవేటు దూరంలో ఉన్న మనం ఎర్ర రంగు లిస్టులు వేయించుకుంటున్నాం. అదే రిషి వ్యాలీలో పిల్లలు సాయంత్రం కాసేపు మాట్లాడకుండా కూర్చుని పొద్దు గుంకడం చూస్తారు. ఆ స్కూలు ఫీజు మన వల్ల కాదు, నిజమే. పొద్దు గుంకడానికి ఫీజు లేదు కదా! మన పిల్లలకు ఆ టైములో స్టడీ అవర్. శేషాచలం కొండ కిటికీలోంచి కనబడుతూ ఉంటుంది, తల ఎత్తితే తిట్లు.

మన ఊరి పెద్దలు ఇంకా తెలివైనవాళ్ళు. గంగమ్మ జాతరప్పుడు వేషం వేసుకుని ఎవరినైనా నోరారా తిట్టొచ్చు, ఎవరూ తప్పు పట్టరు. లోపలున్నదంతా కక్కేయడానికి ఊరికంతటికీ ఒక వారం ఇచ్చారు. బడిలో పిల్లకు వారానికి ఒక్క పీరియడ్ ఇవ్వలేమా?

ఇప్పుడు కోర్టు సంగతి. 2025 జూలై 25న సుప్రీంకోర్టు ఒక తీర్పిచ్చింది. విశాఖపట్నంలో హాస్టల్లో ఉండి నీట్ కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన పదిహేడేళ్ళ అమ్మాయి కేసు, తండ్రి బెంగాల్ నుంచి వచ్చి కొట్లాడాడు. 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారని ఆ తీర్పులోనే రాశారు. చట్టం వచ్చేదాకా పాటించాలని 15 మార్గదర్శకాలు పెట్టారు. వంద మంది, అంతకు మించి పిల్లలున్న ప్రతి సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్ కనీసం ఒకరుండాలి. వీలైనంతవరకు మార్కుల్ని బట్టి బ్యాచులు విడగొట్టకూడదు. అందరి ముందు అవమానించకూడదు. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లైనా శిక్షణ ఇవ్వాలి. హెల్ప్‌లైన్ నంబర్లు అందరికీ కనబడేలా పెట్టాలి. అంటే నా షాపులో పద్దెనిమిదేళ్ళుగా నడుస్తున్న గిరాకీలో సగం తప్పేనని కోర్టు చెప్పినట్టు!

తీర్పు వచ్చాక ఏం జరిగిందంటే, ఒక స్కూలు నుంచి అటెండర్ వచ్చి 'కౌన్సెలింగ్ రూమ్' అని బోర్డు చేయించుకున్నాడు. బిల్లు కోసం నేనే పోయి చూశాను. లోపల నోటు పుస్తకాల కట్టలు, బెల్టులు, సాక్సులు. కూర్చోవడానికి కుర్చీ లేదు. ఇంకో స్కూలు వాళ్ళు 14416 హెల్ప్‌లైన్ పోస్టర్ అడిగారు. ఎన్ని కావాలంటే "ఒకటి చాలన్నా, ఏ ఫోర్, ఇన్‌స్పెక్షన్‌కు చూపించాలి" అన్నారు. ర్యాంకుల లిస్టుకు మాత్రం ఏ త్రీ, కలర్.

చిన్న స్కూళ్ళకు కౌన్సెలర్ జీతం ఎక్కడిదని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. టీచర్లకే సరైన జీతాలు లేని చోట ఇది బరువే. మూడు నాలుగు స్కూళ్ళు కలిసి ఒక మనిషిని పెట్టుకోండి, వారంలో తలా ఒకటిన్నర రోజైనా వస్తుంది. మన ఎస్వీ యూనివర్సిటీలో సైకాలజీ డిపార్ట్‌మెంట్ ఉంది, అక్కడి వాళ్ళను అడిగి చూశారా? బరువైన కేసయితే రుయా ఆసుపత్రిలో మానసిక వైద్యులున్నారు. కాకపోతే ఒక మాట, ఆ వచ్చిన మనిషికి సైన్స్ పీరియడ్లు అంటగట్టకండి. పిల్లలు చెప్పింది స్టాఫ్ రూములో టీ తాగుతూ చెప్పుకునేవాళ్ళు అసలొద్దు. ఒక్కసారి అట్లా జరిగితే ఆ తలుపు ఏ పిల్లా మళ్ళీ తట్టదు.

డబ్బు ఖర్చు లేనివి కూడా ఉన్నాయి కదా? లిస్టు తలుపుకు అంటించడం మానేయడానికి ఎంత ఖర్చు? పైగా నాకిచ్చే డబ్బు మీకు మిగులుతుంది. గేమ్స్ పీరియడ్‌ను లెక్కల సారుకు ఇవ్వకుండా ఉండటానికి? టెస్టులో తగ్గిన పిల్లని సాయంత్రం ఆపి, "ఏందమ్మా, ఇంట్లో బాగుందా, నిద్ర పడుతోందా" అని అడగడానికి?

తల్లిదండ్రులం మనమేం తక్కువ కాదు. ఎరుపు లిస్టును ఫోటో తీసి చుట్టాల గ్రూపులో పెట్టేది మనమే. పదకొండు రోజులు మాట్లాడని నాయనలూ మనలోనే ఉన్నారు. నేనూ ఒకసారి నాలుగు రోజులు చేశాను ఆ పని, మా పాప ఇంకా మర్చిపోలేదు.

ఈ నెల నుంచి పిల్లల పేర్లు ర్యాంకు వరసలో ఉన్న లిస్టులు నా షాపులో ప్రింట్ తీయను. రెండు స్కూళ్ళు అప్పుడే వేరే షాపు చూసుకున్నాయి, చూసుకోనీ. 14416 టెలీ మానస్ నంబర్, మనసు బాధలు చెప్పుకోవడానికి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్. ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు. దాన్ని మా షట్టర్ మీద పెద్దక్షరాలతో రాయించాను. తిరుపతిలో ఏ స్కూలు వాళ్ళైనా రండి, ప్రతి తరగతికి ఒకటి చొప్పున పోస్టర్ ఉచితంగా వేసిస్తా, ఏ త్రీ, కలర్. ల్యామినేషన్‌కు మాత్రం డబ్బులియ్యాల్సిందే.