మహారాజశ్రీ 108 ముక్కల సాకెట్ పానాల పెట్టె గారికి

నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఉభయ కుశలోపరి. ఇక్కడ మా కారు ఎడమవైపు ముందు చక్రం తప్ప అందరం క్షేమం.

మొన్నటి ఆదివారం సంగతి తమరు మరచిపోయి ఉండరు. కొండ దిగి వస్తున్నప్పుడు ప్రతి మలుపులోనూ ఎడమ షాక్ అబ్జార్బర్ లొటలొటమనడం విని, కూలి మిగులుతుందన్న ఆశతో కొత్తది నేనే బిగిస్తాననీ, మూడు గంటలకల్లా అందరినీ కాణిపాకం తీసుకుపోతాననీ ఇంట్లో మాట ఇచ్చాను. తమ మూత మీద 108 అన్న అంకె చూడగానే అష్టోత్తరం చదివించినంత ధీమా కలిగింది. 1,899 రూపాయలంటే ముక్కకు పద్దెనిమిది కూడా పడలేదు.

విప్పి చూస్తే తమలో సగానికి పైగా స్క్రూడ్రైవర్ మొనలే. నా పనికి కావలసినవి మూడే: బానెట్ కింది మూడు నట్లకు 14 నంబరు సాకెట్, కింద చక్రాన్ని మోసే నకిల్‌కు బిగించిన రెండు లావు బోల్టులకు 19 నంబరు, ఒక పొడవాటి పిడి. పిడి పొడవు రెట్టింపైతే అదే బలానికి తిప్పే శక్తీ రెట్టింపవుతుందని తెలిసి కూడా తమరు జానెడు రాట్చెట్ పిడితో సరిపెట్టారు. తమ అంగడిలోనే కొన్న, బిగువు కొలిచే టార్క్ రెంచి టక్కుమనవలసిన చోట మౌనవ్రతం పట్టింది. స్ప్రింగును నొక్కిపట్టే కంప్రెసర్ మర చూశాక ప్రాణం మీద తీపి పుట్టి, పాత షాక్ అబ్జార్బర్ నుంచి స్ప్రింగు మార్పించే పని గ్యారేజీకే వదిలేద్దామని ముందే అనుకున్నాను. వాటిని క్షమించాను.

క్షమించలేనిది తమ 19 నంబరును. తుప్పుకు నూనె చల్లి, అరగంట ఆగి, సాకెట్‌ను బోల్టు తలకు తొడిగితే అది వదులు గాజులా అటూ ఇటూ ఆడింది. రెండు చేతులా లాగాను. కిర్రుమంది. బోల్టు కదిలిందని సంబరపడేలోపే సాకెట్ ఎగిరి, నా వేళ్ల కణుపులు వెళ్లి బ్రేకు డిస్కుకు కొట్టుకున్నాయి. వంగి చూస్తే బోల్టు మూలలు తోమిన వెండి గిన్నె అంచులా మెరుస్తున్నాయి. ఆరు ముఖాల తలకు ఆరు మూలల సాకెట్ అయితే ముఖాలను ఒత్తి పట్టుకుంటుంది. తమలా పన్నెండు మూలలదైతే మూలల దగ్గరే ఆనుతుంది. కొలత బిగువుగా ఉన్న మంచి సరుకైతే అదీ పని చేస్తుంది గాని, తమలాంటి వదులు సరుకు మూలలను కొరికి పారేస్తుంది. ఒంటి మీద మాత్రం 'క్రోమ్ వెనేడియం' అని గట్టి ఉక్కు పేరు చెక్కించుకున్నారు. ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల వాసన.

ఇక మర్యాద నా వల్ల కాదు. మూడోసారి తొడిగినప్పుడైనా నీకు సిగ్గనిపించలేదా? మూడు గంటలకు కొత్త చీర కట్టుకుని గుమ్మంలో నిలబడిన మనిషికి నేను చూపించగలిగింది నూనె మరకల చేతులూ, నున్నగా గుండయిన ఒక బోల్టూ. ఆమె ఒక్క మాట కూడా అనకుండా లోపలికి వెళ్లి చీర మార్చుకుంది. తిట్టి ఉంటే బాగుండేది.

చివరికి కరకంబాడి రోడ్డు నుంచి మెకానిక్ వచ్చాడు. ఆరు మూలల 18 నంబరు సాకెట్‌ను ఆ గుండు తల మీద పెట్టి సుత్తితో దిగగొట్టాడు, పిడికి బారెడు పైపు తొడిగాడు, ఒక్క ఊపు ఊపాడు. పది నిమిషాల పని, నాలుగు వందలు. పోతూ పోతూ నీ పెట్టెను కాలితో పక్కకు జరిపి, "ఇది యాడ కొంటివి నా? ఆరు మూలలది ఒకటి కొనింటే సాలు గదా" అన్నాడు. బోల్టులు కొత్తవి వేసుకోమనీ, చక్రాల అలైన్‌మెంట్ చేయించమనీ చెప్పి వెళ్లాడు. అప్పటికి చీకటి పడింది.

వచ్చే ఆదివారం కాణిపాకం వెళుతున్నాం. నిన్నూ డిక్కీలో వేసుకుని వస్తాను. కోనేట్లో మునిగి, స్వామి ఎదుట నిలబడి, నీ ఒంటి మీది రాత నిజమేనని ఒక్క ప్రమాణం చెయ్యి. 14 నంబరు రానక్కరలేదు. పాపం, అది మూడు నట్లనూ చక్కగా విప్పింది; దాన్ని తీసి మంచి పానాల పక్కన వేరే దాచుకున్నాను.

ఇట్లు,
కణుపులకు కట్టు కట్టుకున్న తమ యజమాని,
తిరుపతి.