బ్యాగు జిప్పు గారికి, ఏడాది చివరి నమస్కారాలతో

గౌరవనీయులైన జిప్పు గారికి,

తిరుపతి నుంచి తమ సేవకుడు రాసుకున్నది. తమరు కుశలమేనా? కుశలమే అయ్యుంటారు లెండి. మొన్న శనివారం మధ్యాహ్నం అలిపిరిలో అంతమంది జనం చూస్తుండగా నోరు బార్లా తెరిచి, లోపలున్నదంతా కక్కేసి, ఇప్పుడు మా హాల్లో గోడ వారగా హాయిగా పడుకున్నారు. కుశలంగా లేనిది నేనే.

డిసెంబరు ఆఖరి వారంలో ఇంటికొచ్చి, మేడ మీద చాప వేసుకుని, ఆ ఏడు తిరిగిన ఊళ్ళు, కరిగిన డబ్బులు, వచ్చే ఏడు పోవాల్సిన చోట్లు డైరీలో రాసుకోవడం నాకు ఏడేళ్ళ అలవాటని తమకు తెలుసు. ఆ డైరీ తమరి కాపలాలోనే ఉండేది. ఈసారి తెరిచి చూస్తే అట్ట నుంచి అట్ట దాకా నిప్పట్ల (పప్పు చెక్కల) నూనె, పెన్ను పెడితే జారిపోతోంది. అందుకని ఈ ఏటి లెక్కంతా తమకే ఉత్తరంగా రాసేస్తున్నాను, చదివి తరించండి.

శనివారం జరిగింది తమకు తెలియంది కాదు. వైకుంఠ ఏకాదశి ఈ 2025లో డిసెంబరు 30నే వచ్చింది కదా, ఆ తొక్కిడి మొదలవక ముందే కొండకు పోయొద్దామని మా అమ్మా, మా పెద్దత్తా అనుకున్నారు. తలా ఒక సంచి ఎందుకు, "నీ కాడ అంత పెద్ద బ్యాగుండాది గదా నాయనా" అంది అత్త. అంతే, హిమాలయాల కోసమని కొన్న అరవై లీటర్ల బ్యాగులోకి రెండు పట్టుచీరలు, మూడు దుప్పట్లు, పులిహోర డబ్బా, నిప్పట్ల డబ్బా, మందుల పెట్టె, కొండ మీద చలికి మంకీ క్యాపులు, అన్నిటికింద నా డైరీ, నా పాత లుంగీ చేరిపోయాయి. బ్యాగు మీద కూర్చుని, మోకాలితో అదిమి, తమరిని ఈ చివరి నుంచి ఆ చివరికి లాగాను. బుద్ధిగా మూసుకున్నారు. అప్పుడే చెప్పొచ్చు కదండీ, నావల్ల కాదని?

అలిపిరిలో బస్సు దిగి, సామాను స్కానర్‌లో వేసి, అవతల తీసుకుని మళ్ళీ బస్సెక్కాలి. నేను అవతల నిలబడి చూస్తున్నా. ముందు ఎవరిదో నీలం సూట్‌కేసు వచ్చింది. తర్వాత ఒక నిప్పట్టు వచ్చింది. ఒకే ఒక్కటి, బెల్టు మీద తాపీగా, ఊరేగింపులో ముందు నడిచే ఏనుగు లాగా. దాని వెనక అత్త పట్టుచీర కొంగు, కొంగు వెనక నా లుంగీ, అందరికంటే ఆఖర్న రెండు పెదాలూ విప్పుకుని తమరు. క్యూలో ఓ పెద్దాయన "గోవిందా!" అన్నాడు. వెనకున్న యాభై మందీ "గోవిందా గోవింద" అన్నారు. భక్తితోనే అని ఉంటారు.

అక్కడ పనిచేసేవాళ్ళు పాపం ఏమీ అనలేదు, ఒకాయనైతే దొర్లిపోతున్న మందుల సీసా పట్టి ఇచ్చాడు. బస్సు ఆగదు కదా. చీరలు, పులిహోర డబ్బా చంకలో పెట్టుకుని అమ్మా అత్తా ఎక్కేశారు. ఎక్కే ముందు అమ్మ గాజులకున్న పిన్నీసు ఒకటి తీసి ఇచ్చింది, తర్వాత ఇంకోటి ఇచ్చింది. మూడోది అడిగితే "అది సూత్రానికుండాల, పోరా" అంది. రెండు పిన్నీసులతో ఒక బ్యాగు, ఒక మనిషి అలిపిరిలో మిగిలారు. ఆ రోజు నాకు దర్శనం లేదు. నాకు దక్కిన దర్శనమల్లా కస్టమర్ కేర్‌ది.

ఇంతవరకూ మర్యాదగానే రాశాను, గమనించండి.

ఈ బ్యాగు 2018లో బెంగళూరులో కొన్నది. 9,800 రూపాయలు, అప్పట్లో నా నెల అద్దె కంటే ఎక్కువ. ఎందుకంత పోశానంటే దాంతో పాటు ఒక కార్డు ఇచ్చారు, దాని మీద బంగారు అక్షరాల్లో "లైఫ్‌టైమ్ వారంటీ". నేను ఆ కార్డుకి లామినేషన్ చేయించాను. పాస్‌పోర్టుకి కూడా చేయని మర్యాద అది. ఏడేళ్ళు ఆ కార్డుని బ్యాగు లోపలి అరలో మోశాను, బ్యాగు నన్ను కాపాడితే నేను కార్డుని కాపాడాను. గరుడ సర్కిల్ దగ్గర ఒక చెట్టు కింద కూర్చుని, ఆ కార్డు మీదున్న నంబరుకి ఫోను చేశాను. హిందీకి ఒకటి, ఇంగ్లీషుకి రెండు. తెలుగుకి ఏమీ లేదు. వీణ వాయిద్యం ఇరవై నిమిషాలు విన్నాక ఒకమ్మాయి, పాపం, హైదరాబాదు పిల్లేనట, తెలుగులోనే మాట్లాడింది.

"సార్, జిప్పులు వారంటీలోకి రావండీ."

"మరి చక్రాలు?"

"రావండీ. బకిల్స్, పట్టీలు, లైనింగ్ కూడా రావు సార్."

"మరి ఏమొస్తుందమ్మా?"

"బ్యాగ్ సార్."

నేను కాసేపు బ్యాగు వైపు చూశాను. జిప్పు, పట్టీ, బకిల్, లైనింగ్ తీసేస్తే మిగిలేది ఏమిటా అని. గాలి మిగులుతుంది. ఆ గాలికి జీవితాంతం గ్యారంటీ.

"లైఫ్‌టైమ్ అని రాశారు కదమ్మా."

"అది మీ లైఫ్‌టైమ్ కాదు సార్, ప్రాడక్ట్ లైఫ్‌టైమ్."

"ప్రాడక్ట్ లైఫ్‌టైమ్ అంటే ఎంత కాలం?"

"పాడయ్యేంత వరకు సార్."

ఇది జోకు కాదు, ఆ పిల్ల ఎంత సీరియస్‌గా చెప్పిందో చెప్పలేను. పాడయ్యేంత వరకు పాడవదని వాళ్ళ హామీ. నా డబ్బు పెట్టి నేను కొన్న హామీ! ఎండుమిరపకాయల బస్తా అమ్మే శెట్టి కూడా ఇంత మాట అనడు, పుచ్చు వస్తే మార్చిస్తానంటాడు. కావాలంటే బ్యాగు బెంగళూరు సర్వీస్ సెంటరుకు పంపాలంట, పంపే ఖర్చు నాదంట, నాలుగు వారాలు పడుతుందంట, జిప్పు మొత్తం మార్చడానికి 2,200 అవుతుందంట. నాలుగు వారాలు నేను సామాన్లు దేంట్లో వేసుకోవాలమ్మా అంటే, "మా కొత్త మోడల్ మీద మీకు పది శాతం డిస్కౌంట్ ఉంది సార్" అంది. దానిక్కూడా లైఫ్‌టైమ్ వారంటీ ఉందట.

ఇక మీరు గీరు లేదు. నువ్వే. ఒరే జిప్పూ, ఆ కార్డు మీద నీ పేరు లేదన్న సంగతి నీకు ముందే తెలుసా? నువ్వు పుట్టిందే 1893లో, జడ్సన్ అనే అమెరికా ఆయన బూట్ల కోసం చేస్తే. చికాగో ప్రదర్శనలో పెడితే జనం పెద్దగా పట్టించుకోలేదట. అదే ఏడు అదే ఊళ్ళో వివేకానందుడు మాట్లాడాడు, ఆయన మాట ఇంకా నిలిచి ఉంది, నువ్వు ఇంకా విడిపోతున్నావు. ఇరవై ఏళ్ళకి సండ్‌బ్యాక్ అనే ఇంకో ఆయన పళ్ళ వరస మార్చి నిన్ను మనిషిని చేశాడు. ఆ పళ్ళ మధ్య ఇప్పుడు నిప్పట్ల పొడి ఉంది, శెనగపప్పు ముక్కతో సహా.

సరే, ఏడాది లెక్క. ఈ ఏడు 241 రోజులు ఇంటి బయట ఉన్నాను. సబ్‌టైటిళ్ళ పని ఎక్కడ కూర్చున్నా చేసుకోవచ్చు, కరెంటూ సిగ్నలూ ఉంటే చాలు. ఫిబ్రవరిలో అస్సాంలో మాజులీ. నిమాతి ఘాట్‌లో మోటారు సైకిళ్ళు, కూరగాయల బుట్టలు, నేను, నువ్వు ఒకే ఫెర్రీలో. బ్రహ్మపుత్ర ఏటా అంచులు కోసుకుపోతున్న దీవి అది. ఆ ఇసుక మెత్తగా, పిండిలాగా ఉంటుంది, నీ పళ్ళలోకి దూరింది అక్కడే. కమలాబారీలో ఒక టీ కొట్టు ముసలాయన కొవ్వొత్తి ముక్క ఇచ్చి రుద్దమన్నాడు. రుద్దాను, సాఫీగా నడిచావు. మే నెలలో రామేశ్వరం. కొత్త పాంబన్ వంతెన 2025 ఏప్రిల్ 6న తెరిచారు కదా, దాని మీద పోదామని. మధ్యలో 72.5 మీటర్ల ముక్క నిట్టనిలువునా పైకి లేస్తుంది, ఓడ దాటాక దిగి మళ్ళీ అతుకుతుంది. చూశావుగా కిటికీ పక్కనే కూర్చుని, నేర్చుకోవాల్సింది. అక్కడ ఉప్పుగాలి పట్టింది నీకు. జూలైలో మేఘాలయలో మాసిన్‌రామ్, ఏడాదికి సగటున 11,800 మిల్లీమీటర్ల పైన వాన పడే ఊరు. తొమ్మిది రోజులుంటే రెండు సార్లు ఎండ చూశాను. బ్యాగు లోపల నా చొక్కాలకు బూజు పట్టింది కానీ నీ మీదుగా నీటి చుక్క దిగలేదు. అది మాత్రం ఒప్పుకోవాలి. అక్టోబరులో హిమాచల్‌లో స్పితి లోయ. హిక్కిం పోస్టాఫీసు సుమారు 14,500 అడుగుల ఎత్తున ఉంది. అమ్మకి కార్డు రాద్దామని పెన్ను కోసం నిన్ను లాగితే రావు, వేళ్ళు కొయ్యబారిపోయాయి, చివరికి నా పళ్ళతో నీ పట్టీ కరిచి లాగాను. వచ్చావు. ఆ కార్డు ఇప్పుడు మా ఫ్రిజ్ మీదుంది, అమ్మ వచ్చినవాళ్ళందరికీ చూపిస్తుంది. అందులో నేను రాసింది "చలిగా ఉంది, తిన్నాను" అని మాత్రమే.

పవర్ బ్యాంకుకీ, 47 దగ్గరే నిలబడిపోయిన రైలు వెయిటింగ్ లిస్టుకీ, "ఇంకెప్పుడు సెటిలవుతావు నాయనా" అని గేటు దగ్గరే ఆపేసే పక్కింటి మామకీ వేరే ఉత్తరాలు రాసేంత ఓపిక లేదు. వాళ్ళకూ ఇందులోనే నమస్కారం.

డిస్కౌంట్ మాటతో ఫోను పెట్టేశాక, నిన్ను పిన్నీసులతో పట్టుకుని, పసిబిడ్డని ఎత్తుకున్నట్టు గుండెకి ఆనించుకుని ఊళ్ళోకి వచ్చాను. మూడు బ్యాగుల షాపుల్లో "కొత్తది తీసుకోండి సార్" అన్నారు. అప్పటికి సాయంత్రం నాలుగు గంటలు దాటింది. గోవిందరాజస్వామి గుడి వెనక సందులో ఒకాయన గొడుగు కింద కూర్చుని చెప్పులు కుడుతున్నాడు. బ్యాగు చూసి, నిన్ను రెండుసార్లు అటూ ఇటూ లాగి, వేలితో తడిమి చెప్పాడు: "చైను బాగుండాది సామీ, పండ్లన్నీ ఉండాయి. రన్నరు అరిగి లూజైపోయినాది. అందుకే ముందు మూసుకుంటా పోతాది, ఎనక విచ్చుకుంటా వస్తాది."

రన్నరు, అంటే పళ్ళ మీద అటూ ఇటూ జారే ముక్క. ఏడేళ్ళు తిరిగాను, ఆ మాట నాకు తెలియదు. వారంటీ కార్డు వెనకున్న చిన్న అక్షరాల్లోనూ ఆ మాట లేదు. ఆయన ఒక పాత హార్లిక్స్ సీసా మూత తీసి రాతి మీద కుమ్మరించాడు, ఇత్తడివీ, నల్లవీ, రంగు పోయినవీ, వంద రన్నర్లు ఉంటాయి. అందులోంచి ఒకటి ఏరి, చివర కుట్టు విప్పి, పాతది లాగేసి, కొత్తది ఎక్కించి, కటింగ్ ప్లయరుతో రెండు పక్కలా కొద్దిగా నొక్కి, కుట్టేసి, సబ్బుముక్క రుద్దాడు. ఆరు నిమిషాలు. నలభై రూపాయలు. వంద ఇస్తే అరవై తిరిగిచ్చాడు. ఉంచుకోమంటే "ఎందుకు సామీ" అని మొహం చిన్నబుచ్చుకున్నాడు.

నాకు సంతోషం కలగాలి కదా. ఒళ్ళు మండిపోయింది! నలభై రూపాయల పనికి 2,200, నాలుగు వారాలు, ఒక మధ్యాహ్నం, ఒక దర్శనం, ఇరవై నిమిషాల వీణ. ఆ లామినేషన్ కార్డు అక్కడే ఆయన చెత్తబుట్టలో వేయబోతే, ఆయన తీసుకుని చూసి, మందంగా ఉందని మడమ కింద అట్టకి పనికొస్తుందని దాచుకున్నాడు. దానికి దొరికిన మొదటి ఉపయోగం అది.

ఇక వచ్చే ఏడాది. కిందటేడు ఇదే రోజు రాసుకున్నవి, సామాను పది కిలోలు దాటకూడదు, బెంగాలీ నేర్చుకోవాలి, అమ్మకి రోజూ ఫోను చేయాలి, అన్నీ నూనె కింద చెరిగిపోయాయి, మంచిదే. ఈసారి రాసుకున్నది తక్కువ. స్పితిలోనే కాజా అనే ఊళ్ళో ఒక హోమ్‌స్టేలో పుణె కుర్రాడు కలిశాడు, పురావస్తు చదువుతున్నాడు. నాది తిరుపతి అనగానే "గుడిమల్లం పక్కనే కదా, ఆ లింగం దగ్గరగా చూశారా" అని అడిగాడు. రెండు వేల ఏళ్ళ పైబడిన లింగం, ముందు వైపు నిలబడ్డ శివుడి రూపం, రేణిగుంట దాటి కాస్త దూరం పోతే చాలు. నేను చూడలేదు. చూశానని అబద్ధం చెప్పాను. తలకోన కూడా అంతే, స్కూలు రోజుల్లో బస్సులో పోతే వాంతులయ్యాయి, జలపాతం గుర్తులేదు. చంద్రగిరి కోట ఎదురుగా బిరియానీ తిన్నాను, లోపలికి పోలేదు. అలిపిరి మెట్లు 3,550 అని ఊరూరా చెప్పుకుని తిరిగిన వాడిని, పదో తరగతి తర్వాత ఒక్కసారీ ఎక్కలేదు. జనవరిలో ఇవి. మార్చి నుంచి మళ్ళీ దూరం. కైలాస మానససరోవర యాత్ర 2025లో మళ్ళీ మొదలైంది కదా, దానికి అప్లై చేస్తాను. డ్రాలో పేరు వస్తే నువ్వూ వస్తావు.

నిన్ను మార్చాలని ఆదివారం దాకా గట్టిగానే అనుకున్నాను. కొత్త బ్యాగులు ఫోన్లో చూస్తుంటే అత్త పక్కకొచ్చి కూర్చుంది. "ఇది మటుకు ఎవురికీ ఇయ్యొద్దు నాయనా, 2027లో గోదావరి పుష్కరాలకు మాకు కావాల" అంది. ఎంతమందికి అంటే ఆరుగురికి. మా వాళ్ళు నీకు పుష్కరాల దాకా బుకింగ్ చేసేశారు, నన్ను అడగలేదు.

కాబట్టి బెల్టు మీద నిప్పట్టు సంగతి మనిద్దరి మధ్యే ఉండనీ, అత్త ఇప్పటికే కాణిపాకం దాకా చెప్పేసిందనుకో. మార్చి రెండో తారీఖు రాత్రి రైలుంది. సామాను నేనే సర్దుతాను, ఎవర్నీ ముట్టుకోనివ్వను, డబ్బాలుండవు. ఆ పిన్నీసులు రెండూ పక్క అరలో పెట్టుకుందామనుకున్నాను కానీ అమ్మ పొద్దున్నుంచి మూడుసార్లు అడిగింది, ఒకటి దొరకడం లేదు. నీ లోపలేమైనా పడిపోయిందేమో కాస్త చూసి చెప్పు.

ఇట్లు,
తమరి 241 రోజుల కూలీ