సవరణ: గౌతమి పెడితే సరిపోదు

తెలుగు ఫైలు తెరవగానే పిచ్చి గుర్తులు కనిపిస్తే, అంతా సెలెక్ట్ చేసి గౌతమి ఫాంట్ పెట్టండని పోయిన వారం రాశాను. అది తప్పు. డీటీపీ షాపుల్లో వాడే అను అనే పాత రకం తెలుగు ఫాంట్లలో కొట్టిన ఫైలుకు ఆ చిట్కా పనిచేయదు.

మొన్న కడప ఏడు రోడ్ల దగ్గర డీటీపీ షాపులో మా చెల్లెలి పెళ్లి పత్రిక ఫైలు తీసుకుని ఇంటికొచ్చి తెరిచా. ముహూర్తం ఉండాల్సిన చోట నెత్తిన కొమ్ములు, చుక్కలు మొలిచిన ఇంగ్లిషు అక్షరాలు! గౌతమి పెట్టినా ఒక్కటీ తెలుగు కాలేదు. కారణం: అనులో లోపల ఉండేవి ఇంగ్లిషు అక్షరాల కోడ్‌లే, ఫాంట్ వాటికి తెలుగు వేషం వేస్తుందంతే. అదే యూనికోడ్‌లో, అంటే ప్రతి భాష అక్షరానికీ విడిగా నంబరిచ్చే పద్ధతిలో, 'క'కు 0సి15 అని సొంత నంబరుంది. గౌతమి తెలుగు చూపించేది ఆ నంబర్లకే.

అందుకే అను ఫైలును కన్వర్టర్‌తో (కోడ్‌లు మార్చే సాఫ్ట్‌వేర్) యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. మార్చాక వత్తులు మాత్రం ఒకసారి చూసుకోండి, అక్కడే తేడాలొస్తాయి. ప్రింటుకే అయితే పీడీఎఫ్ అడగండి, గొడవుండదు.

రూపాయి గుర్తు (₹) బదులు డబ్బా వస్తే ఫాంట్ మార్చమని కూడా పోయిన వారం రాశాను, అది మాత్రం సరైనదే. ఆ గుర్తు యూనికోడ్‌లో చేరింది 2010లో. అంతకు ముందటి ఫాంట్లలో ఉండదు.