యుద్ధం వచ్చాక ఆటోనగర్‌కు పరిగెత్తితే లాభం లేదు

2021 ఏప్రిల్‌లో కరోనా రెండో వేవ్ ముంచెత్తినప్పుడు కేంద్రం విపత్తు నిర్వహణ చట్టం కింద చాలా పరిశ్రమలకు ఆక్సిజన్ ఆపించి ఆస్పత్రులకు మళ్లించింది. విశాఖ నుంచి ట్యాంకర్లు రైలెక్కి మహారాష్ట్ర వెళ్లాయి. మంచి పనే. కానీ అది ఉన్న సరుకును పంచడం. యుద్ధమొస్తే పంచడానికి ముందు సరుకు తయారు కావాలి. మన చట్టాలు ఆపడంలో, స్వాధీనం చేసుకోవడంలో గట్టివి. ముందుగా సిద్ధం చేయడంలోనే వెనకబడ్డాం.

అమెరికా 1950లో, కొరియా యుద్ధం మొదలైన రెండున్నర నెలలకే రక్షణ ఉత్పత్తి చట్టం తెచ్చుకుంది. దాని కింద వచ్చిన ప్రభుత్వ ఆర్డరును కంపెనీ మిగతా వాటికంటే ముందు పూర్తి చేయాలి. అంతకన్నా విలువైన ఏర్పాటు ఇంకోటి ఉంది. పోటీ కంపెనీలు ప్రభుత్వం ఎదుటే కూర్చుని, ఎవరు ఏ భాగం చేయాలో ముందే ఒప్పందం చేసుకోవచ్చు. దాని ప్రకారం నడిచినంతవరకు కుమ్మక్కయ్యారన్న కేసు నుంచి రక్షణ ఉంటుంది. మన పోటీ చట్టం, 2002లోని 54వ సెక్షన్ కూడా దేశ భద్రత కోసం మినహాయింపులిచ్చే అధికారాన్ని కేంద్రానికి ఇచ్చింది. ఆ అధికారాన్ని శాంతికాలంలోనే వాడాలి.

విజయవాడ ఆటోనగర్‌నే చూడండి. అరిగిపోయిన లారీ షాఫ్టు చేతికిస్తే టర్నర్ వెర్నియర్‌తో కొలిచి, లేత్ మీద అచ్చం అలాంటిదే చేసిస్తాడు. డ్రాయింగ్ అడగడు. సైన్యానికి డ్రాయింగ్ కావాలి, ఉక్కు ఏ గ్రేడో చెప్పే టెస్ట్ సర్టిఫికెట్ కావాలి, వందో ముక్క కూడా మొదటి ముక్క కొలతలోనే రావాలి. పనితనం ఉంది, ఆ అలవాటే లేదు. అది నేర్పడానికి నెలలు పడుతుంది. సరిహద్దులో కాల్పులు మొదలయ్యాక ఆ నెలలు ఎక్కడి నుంచి తెస్తాం? మచిలీపట్నంలో కేంద్ర ప్రభుత్వ సంస్థ బెల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) యూనిట్ సైన్యానికి నైట్ విజన్ పరికరాలు చేస్తోంది. అలాంటి సంస్థల ఇన్‌స్పెక్టర్లు ఆటోనగర్ షెడ్లకు వచ్చి, చిన్న ట్రయల్ ఆర్డర్లు ఇచ్చి, తప్పులు ఇప్పుడే దిద్దాలి.

అమెరికా లాంటి చట్టం మనమూ తెచ్చి ఇంత అధికారం చేతికిస్తే ప్రభుత్వం ఏం చేస్తుందన్న భయమూ న్యాయమైనదే. 1962లో చైనా యుద్ధం పేరిట వచ్చిన భారత రక్షణ చట్టం కింద ఎందరినో విచారణ లేకుండా జైల్లో పెట్టారు. అందుకే కాలపరిమితి తప్పదు. అమెరికా చట్టంలో చాలా భాగానికి అక్కడి పార్లమెంటైన కాంగ్రెస్ ఎప్పటికప్పుడు గడువు పొడిగించాల్సిందే.

చిన్న యజమాని అసలు టెన్షన్ మాత్రం డబ్బు. 2006 ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల) చట్టం ప్రకారం 45 రోజుల్లో బిల్లు చెల్లించాలి, దాటితే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ. కానీ వడ్డీ అడిగితే రేపటి ఆర్డరు పోతుందని నోరు మెదపని వాళ్లే ఎక్కువ. కాబట్టి అత్యవసర ఆర్డరును కాదనకూడదని చట్టం చెబితే, ముడిసరుకు డబ్బు ఆర్డరుతో పాటే ఖాతాలో పడాలని కూడా అదే చట్టంలో రాయాలి.