సబ్బులో క్రిములను చంపే మందు ఎందుకు?

వరద తీసిన ఊళ్లో తాగునీటి బావిలో ముందుగా చల్లేది బ్లీచింగ్ పౌడరే. ఆపరేషన్‌కు ముందు డాక్టరు మోచేతుల దాకా రుద్దుకునేదీ, రోగి ఒంటికి పూసేదీ క్రిమిసంహారకాలే. 1847లో వియన్నా ప్రసూతి వార్డులో సెమ్మెల్‌వైస్ అనే వైద్యుడు తోటి డాక్టర్ల చేత క్లోరిన్ కలిపిన నీళ్లతో చేతులు కడిగించాక బాలింతల చావులు ఒక్కసారిగా తగ్గాయి. ఆ మేలును తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు.

మా అభ్యంతరమల్లా రోజూ వాడే సబ్బులో అలాంటి మందు కలపడం మీద. పెట్టె ముందు వైపు క్రిములను చంపుతుందని పెద్దపెద్ద అక్షరాలు. వెనక్కి తిప్పితే అందులో ఏం కలిపారో ఫోన్‌లో ఫొటో తీసి పెద్దది చేసుకుంటే తప్ప కనపడదు. కనపడినా అది ఇంగ్లిష్‌లో ఉంటుంది. పిల్లాడికి స్నానం చేయించే తల్లికి అది ఏం చెబుతుంది?

ట్రైక్లోసాన్, ట్రైక్లోకార్బాన్ సహా క్రిములను చంపే 19 రసాయనాలను చేతులు, ఒళ్లు కడుక్కునే సబ్బుల్లో వాడొద్దని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2016 సెప్టెంబరులోనే చెప్పింది. మామూలు సబ్బు, నీళ్ల కంటే ఇవి మెరుగని కంపెనీలు రుజువు చేయలేకపోయాయి. లాభమే తేలనప్పుడు నష్టాన్ని ఎందుకు భరించాలి?

ఆ నష్టం చిన్నదేమీ కాదు. క్రిమి బతకడానికి కావాల్సిన ఎంజైముల్లో ట్రైక్లోసాన్ దెబ్బతీసేది, క్షయకు వాడే ఐసోనియజిడ్ అనే మందు దెబ్బతీసేది ఒకే కోవవి; అంటే ఒకదాన్ని తట్టుకోవడం నేర్చిన క్రిమి రెండోదాన్నీ తట్టుకోవచ్చు. పైగా కొన్ని బ్యాక్టీరియా ట్రైక్లోసాన్‌ను బయటికి తోసేయడం నేర్చుకున్నాక, అదే దారిలో యాంటీబయాటిక్‌లనూ తోసేస్తున్నట్టు ప్రయోగశాలల్లో తేలింది. క్షయ ఇంతగా ఉన్న మన దేశంలో దీన్ని తేలిగ్గా తీసుకోలేం. స్నానాల గదిలోంచి మురుగులోకి పోయే ఈ రసాయనం చెరువుల్లోని నాచుకూ విషమే.

భయంలో విచక్షణ పోతుందని 2020లో చూశాం. కరోనా రోజుల్లో మనుషులను సొరంగాల్లాంటి దారుల్లో నడిపించి మీద హైపోక్లోరైట్ అనే క్రిమిసంహారకం చల్లారు. అది కళ్లకూ ఊపిరితిత్తులకూ హాని అని కేంద్ర ఆరోగ్య శాఖ ఏప్రిల్‌లోనే హెచ్చరించింది. అయినా వాటిని ఆపించమని నవంబరులో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది.

క్రిములను చంపుతామని చెప్పుకునే ప్రతి సబ్బూ మామూలు సబ్బు కంటే ఎంత మెరుగో అమ్మకానికి ముందే నిరూపించాలి. కలిపిన మందు పేరు పెట్టె ముందే, తెలుగులో, కళ్లజోడు లేకుండా చదవగలిగేలా ఉండాలి. ఔషధ నియంత్రణ అధికారులు ఈ పనిని ఆసుపత్రుల కోసం కాదు, కిరాణా కొట్ల కోసం మొదలుపెట్టాలి.