పెయింట్ మెరుపుకి పడిపోయి ఫనలోనె కొనకండి

పెయింట్ అద్దంలా మెరిస్తే చాలు, "ఫుల్ రీస్టోర్ చేసిన బండి" అని ధర ఎక్కడికో తీసుకెళ్తున్నారు. ఆ మెరుపు కింద పుట్టీ ఎంత మందాన ఉందో అడిగేవాళ్లు మాత్రం కనబడరు. ఫనలోనె అని పిలిచే లాంచా ఫుల్వియా కూపే 1.6 హెచ్‌ఎఫ్ లాంటి పాత ఇటాలియన్ ర్యాలీ కారుకి ఇలా జరుగుతుంటే ఒళ్లు మండుతుంది.

ఫుల్వియా కూపేలు దాదాపు 1,40,000 తయారయ్యాయి. వాటిలో మొదటి సిరీస్ 1.6 హెచ్‌ఎఫ్ 1,258 మాత్రమే. మధ్యలో ఉండే రెండు హెడ్‌లైట్లూ పెద్దవి కాబట్టి ఇటలీవాళ్లు దానికి ఫనలోనె అని పేరు పెట్టారు, అంటే పెద్ద దీపం. 1,584 సీసీ, 115 హార్స్‌పవర్, ముందు చక్రాలతో లాగే బండి. 1969లో హ్యారీ కాల్‌స్ట్రోమ్ బ్రిటన్‌లో ఆర్‌ఏసీ ర్యాలీ గెలిచిందీ, 1972లో సాండ్రో మునారి, మారియో మానుచ్చి మాంటె కార్లో ర్యాలీ గెలిచిందీ 1.6 హెచ్‌ఎఫ్‌తోనే. ఇంత పేరు, ఇంత తక్కువ సంఖ్య. అందుకే మామూలు 1.3 లీటర్ల ఫుల్వియాని, రెండో సిరీస్ 1.6ని తెచ్చి పెద్ద లైట్లు బిగించి ఫనలోనె అని అమ్మేస్తున్నారు.

మొదట చాసిస్ నంబర్ చూడండి. అసలుదైతే 818.540తో మొదలవ్వాలి. 818.740 అని ఉంటే అది రెండో సిరీస్. ఇంజిన్ నంబర్ ఒక్కటే చూసి నమ్మకండి, ఇంజిన్ మార్చడం పెద్ద పనేం కాదు. తర్వాత జేబులోంచి చిన్న అయస్కాంతం తీయండి. తలుపుల రేకు, బానెట్, డిక్కీ మూత అల్యూమినియం, అయస్కాంతం అంటుకోకూడదు. అంటుకుందంటే ఆ భాగం ఎప్పుడో ఇనప రేకుతో మారిపోయింది. మిగతా ఇనప బాడీ మీద పెట్టినప్పుడు అంటుకోకుండా జారిపోయిన చోటల్లా పుట్టీ ఉందని లెక్క.

ఇక అసలు జబ్బు కింద ఉంటుంది. ఇంజిన్, గేర్‌బాక్సు, ముందు సస్పెన్షన్ మొత్తం ఒక సబ్‌ఫ్రేమ్ మీద, అంటే బాడీకి విడిగా బిగించే ఇనప చట్రం మీద కూర్చుంటాయి. ఆ సబ్‌ఫ్రేమ్ వెనక చివరలు బాడీకి బిగిసే చోట, అంటే డ్రైవర్ కాళ్ల ముందున్న గోడ కింద, నీళ్లూ మట్టీ చేరి బయటకి పోవు. రేకు లోపలి నుంచి తుప్పు పట్టుకుంటూ వస్తుంది, పైన బ్లాక్ పెయింట్ మాత్రం చక్కగా ఉంటుంది. బండిని లిఫ్ట్ ఎక్కించి మందపాటి స్క్రూడ్రైవర్‌తో అక్కడ గట్టిగా పొడవండి. టంగుమని మోగితే మంచిదే. కరకరమని లోపలికి దిగితే రీస్టోరేషన్ ఖర్చులో పెద్ద వాటా అక్కడే పోతుంది. అలా పొడవనివ్వని అమ్మకందారుడి దగ్గర్నుంచి లేచి వచ్చేయండి.

ఆ చోటు బాగుచేయాలంటే సబ్‌ఫ్రేమ్ దించక తప్పదు. దించే ముందు రెండు తలుపుల ఖాళీల్లోనూ అడ్డంగా ఇనప పైపులు వెల్డ్ చేయాలి. ఈ పని ఎగ్గొట్టి సిల్లులు, అంటే తలుపుల కింద పొడుగునా ఉండే రేకు పెట్టెలు, కోసేస్తే బాడీ నడుము కుంగుతుంది, తర్వాత కీళ్ల కింద ఎన్ని షిమ్ములు (పల్చటి రేకు ముక్కలు) పెట్టినా తలుపు సరిగా పడదు. తుప్పు పట్టిన రేకు మీద ఇంకో రేకు అతికించడం వైద్యం కాదు. మంచి లోహం వచ్చేదాకా కోసి, కొత్తది వేసి, పూర్తిగా చల్లారాక లోపలి గదుల్లోకి తుప్పు ఆపే మైనం పంపాలి. అల్యూమినియం తలుపు రేకు ఇనప ఫ్రేమ్‌ని తాకే అంచుల్లో తడి చేరితే తెల్లపొడి పొంగుతుంది. అక్కడ ఎపాక్సీ ప్రైమర్, మధ్యలో ఇన్సులేషన్ టేప్ తప్పనిసరి. ఆ రేకుల మీద ఇసుక బ్లాస్టింగ్ చేయించారా, అలలు తేలతాయి, అంతే సంగతులు.

ఇంజిన్ వీ4. సిలిండర్ల మధ్య కోణం 11 డిగ్రీల 20 నిమిషాలే, అందుకే రెండు వరసలకీ కలిపి పైన మూతలా ఒకే అల్యూమినియం హెడ్. ఏళ్లతరబడి ఉత్త కుళాయి నీళ్లతో నడిపితే హెడ్‌లో నీళ్లు పోయే రంధ్రాల అంచులు చీమలు కొరికినట్టు తినేసి ఉంటాయి. చాలామంది వెంటనే హెడ్ ఫేసింగ్ కొట్టించేస్తారు, అంటే అడుగు భాగాన్ని చెక్కి చదును చేయిస్తారు. లోతుగా తీస్తే కంప్రెషన్ పెరుగుతుంది, చైన్ టైమింగ్ కూడా పక్కకి జరిగిపోతుంది. తిన్న చోట టిగ్ వెల్డింగ్‌తో నింపి, ఆ తర్వాత పైపైన మాత్రమే ఫేసింగ్ చేయించడం పద్ధతి. తర్వాత గ్లైకాల్ కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం. రెండేళ్లకోసారి మార్చాలి.

ఐడిల్‌లో ఇంజిన్ వేగం పైకీ కిందకీ ఊగుతుంటే సోలెక్స్ కార్బ్యురేటర్ల త్రాటిల్ స్పిండిల్ (గాలి మూత తిరిగే ఇరుసు) అరిగిందేమో చూడండి. స్పిండిల్ చివర్ల దగ్గర కార్బ్ క్లీనర్ కొంచెం కొట్టండి, వేడి ఎగ్జాస్ట్ మీద పడనివ్వకండి. ఇంజిన్ శబ్దం మారితే గాలి అక్కడే లోపలికి పోతోంది. కొత్త బుష్‌లు వేయిస్తే సరిపోయేదానికి వెబర్ కంపెనీ కార్బ్యురేటర్లు పెట్టి, పాతవి తుక్కులో పారేస్తారు. దీన్ని బాగుచేయడం అనలేం, ఆస్తి తగలేసుకోవడమే.

కాంపన్యోలో మెగ్నీషియం చక్రాలు 13 అంగుళాలవి. వాటికి డై పెనెట్రెంట్ పరీక్ష (రంగు ద్రవం పూసి చీలికలు పట్టుకునేది) చేయించకుండా రోడ్డెక్కకండి, ఏళ్లు గడిచే కొద్దీ కంటికి కనిపించని చీలికలు వస్తాయి. తిరగడానికి కొత్త అల్యూమినియం చక్రాలు కొని, అసలువి ఇంట్లో పొడిచోట దాచండి.

విలువ కట్టేటప్పుడు నా లెక్క వేరు. రంగు వెలిసినా, సీట్ల వినైల్ చిట్లినా, పుట్టినప్పటి రేకులు, నంబర్లు, పాత ఇటాలియన్ రిజిస్ట్రేషన్ పుస్తకం ఉన్న బండే నాకు ముందు. ఎక్కడా ఫ్యాక్టరీ గుర్తు మిగలకుండా చెక్కేసి, పాలిష్ కొట్టిన బండి దాని తర్వాతే. రంగు వేయక తప్పకపోతే వేయండి. డిక్కీ మూత లోపల, డ్యాష్‌బోర్డు కింద అరచేయంత మేర పాత పెయింట్‌ని మాత్రం ముట్టుకోకుండా వదిలేయండి. ఏ పొర మీద ఏ పొర వేశారో రేపు చూసేవాళ్లకి అక్కడే దొరుకుతుంది.